పెరటి కుంట డైరీ: 3,000 లీటర్ల నీళ్లు, 100 గ్రాముల మేత

తవ్వే ముందు

కొలతలు ఇవి. పొడవు 3 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, నడిమి లోతు 90 సెం.మీ. మూడు వైపులా నీటిమట్టానికి 25 సెం.మీ. కిందుగా 30 సెం.మీ. వెడల్పున మెట్టు ఉంటుంది. నాలుగో వైపు, అంటే ఒక పొట్టి అంచున, మెట్టు బదులు మెల్లగా దిగే వాలు. నీళ్లు తాగడానికి వచ్చే పక్షి నిలబడాలన్నా, పొరపాటున పడిన ఉడుతో తొండో బయటికి పాకాలన్నా ఆ వాలే దిక్కు. నాలుగు వైపులా నిటారు గోడలున్న కుంటలో పడిన చిన్న జంతువు ఈది ఈది చచ్చిపోతుంది.

కాగితం మీదే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: కుంట చేపలకా, కప్పలకా? రెండూ ఒకే నీళ్లలో కావాలంటే కుదరదు. చేపలు కప్పగుడ్లనూ తోకకప్పలనూ దాదాపు ఊడ్చేస్తాయి. అందుకే ఇక్కడ పెద్ద కుంట చేపలకు కేటాయించాం. వానకు దాని నుంచి పొర్లే నీళ్లు పక్కనే మీటరు పొడవు, మీటరు వెడల్పు, 25 సెం.మీ. లోతున్న గుంటలోకి పోతాయి. అది కప్పలకూ తూనీగలకూ. అందులో చేప అన్నది ఉండదు.

స్థలానికి మూడు షరతులు పెట్టుకున్నాం. రోజుకు 5, 6 గంటల ఎండ తగలాలి, లేకపోతే కలువ పూయదు. నెత్తిన చెట్టు ఉండకూడదు, ఎందుకంటే రాలిన ప్రతి ఆకూ నీళ్లలో కుళ్లి ఆక్సిజన్ తింటుంది, వేర్లు లైనర్ (నీళ్లు ఇంకకుండా గొయ్యిలో పరిచే షీట్) కిందికి చేరతాయి. మూడోది చాలామంది పట్టించుకోరు: పెరట్లో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు కుంటకు పనికిరాదు. చూడ్డానికి సహజంగా ఉంటుంది నిజమే, కానీ పెరడంతా కడిగిన నీళ్లు, మొక్కలకు వేసిన ఎరువు, కొట్టిన మందు అన్నీ అందులోకే చేరతాయి. వానాకాలంలో భూమిలో నీరు పైకొచ్చి లైనర్‌ను కింది నుంచి బుడగలా పైకి లేపుతుంది కూడా.

తవ్వకం

ఆకారాన్ని నేల మీద తాడుతో పరిచి, దాని వెంట సున్నం చల్లి గీత పెట్టాం. తర్వాత పై అంచు లెవెల్. గీత చుట్టూ ప్రతి 60 సెం.మీ.కి ఒక మేకు కొట్టి, మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో అన్ని మేకులకూ ఒకే ఎత్తున గుర్తు పెట్టాలి. కంటితో చూసి లెవెల్ అనుకుంటే 3 మీటర్ల పొడవులో 3, 4 సెంటీమీటర్ల తేడా సులువుగా వస్తుంది. నీళ్లు ఎప్పుడూ లెవెల్‌గానే నిలబడతాయి కాబట్టి ఆ తేడా అంతా ఒక పక్క నల్లటి లైనర్ పట్టీగా బయటపడుతుంది. దాన్ని తర్వాత ఏ రాయీ కప్పలేదు.

పైపులో గాలి బుడగ ఉంటే రీడింగు తప్పు చూపిస్తుంది. నీళ్లు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పెట్టి, మట్టాలు కలిశాయని చూసుకున్నాకే మేకుల దగ్గరికి వెళ్లాలి.

ముందు మొత్తం విస్తీర్ణాన్ని 25 సెం.మీ. వరకు దించి, ఆపైన మెట్టు వదిలి నడిమి భాగం తవ్వాలి. గోడలు నిలువునా కాకుండా కొంచెం లోపలికి వాలుగా ఉండాలి. ఇసుక నేలైతే ఇంకా వాలు ఇవ్వాలి, లేదంటే లైనర్ పరవక ముందే అంచులు కూలతాయి. అడుగు భాగాన్ని ఒక మూలకు 5 సెం.మీ. వాలుగా తీస్తే బురద అక్కడికే చేరి, తీయడం తేలికవుతుంది.

తవ్విన మట్టి గుల్లబారి పావు వంతు పెరుగుతుంది. 3 ఘనపు మీటర్ల గొయ్యికి దాదాపు 4 ఘనపు మీటర్ల కుప్ప వస్తుందన్నమాట. దాన్ని అంచు పక్కనే పోస్తే మొదటి వానకే బురదై కుంటలోకి దిగుతుంది. కొంత మట్టితో అంచు చుట్టూ చుట్టుపక్కల నేలకన్నా 7 సెం.మీ. ఎత్తున కట్ట వేసి దిమ్మిస కొట్టాం. మిగతాది దూరంగా తరలించాం. పైనుంచి పారే నీళ్లను ఆపేది ఆ కట్టే.

లైనర్

లెక్క సులువే: పొడవు + లోతుకు రెండింతలు + అంచులకు రెండు పక్కలా 30 సెం.మీ. చొప్పున. 3 + 1.8 + 0.6 = 5.4 మీటర్లు. వెడల్పుకు 2 + 1.8 + 0.6 = 4.4 మీటర్లు. మెట్లకు వేరే కలపక్కర్లేదు. మెట్టు అడ్డంగా తీసుకున్నంత లైనర్ అడుగు దగ్గర తగ్గుతుంది కాబట్టి లెక్క మారదు.

1 మి.మీ. మందం ఈపీడీఎం రబ్బరు షీట్ తీసుకున్నాం. మామూలు టార్పాలిన్ చవకే కానీ ఎండ తగిలే అంచు దగ్గర కొద్ది కాలంలోనే పెళుసెక్కి చిట్లుతుంది. నీళ్లతో, చేపలతో నిండిన కుంటకు లైనర్ మార్చడం అంటే మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చేయడమే. మిగతా ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ చేయకూడదు.

షీట్ కింద పరుపు తప్పనిసరి. గొయ్యిలో చేతికి తగిలిన ప్రతి రాయినీ తీసి, వేరు కొసలను లోపలికి నరికి, 5 సెం.మీ. సన్న ఇసుక పోసి, దాని మీద జియోటెక్స్‌టైల్ (మందపాటి సింథటిక్ గుడ్డ) పరిచాం. గోడల మీద ఇసుక నిలవదు కాబట్టి అక్కడ జియోటెక్స్‌టైల్ ఒక్కటే, రెండు పొరలుగా.

లైనర్‌ను గంటసేపు ఎండలో పరిస్తే మెత్తబడి మాట వింటుంది. గొయ్యిలోకి దించాక మడతలు తప్పవు. వాటిని పది చిన్న ముడతలుగా వదిలితే ప్రతి ముడతా బురద గూడవుతుంది. మూలకు ఒకటి చొప్పున పెద్ద మడతగా లాగి, నీళ్లు పెరిగే కొద్దీ సర్దుతూ పోవాలి. బూట్లతో దిగకూడదు.

అంచు కత్తిరించడానికి తొందర వద్దు. నీళ్ల బరువుకు మట్టి సర్దుకుని షీట్ కిందికి జారుతుంది. నిండా నింపి ఒకటి రెండు రోజులు వదిలాకే కత్తెర. అప్పుడు కూడా లైనర్ కొసను రాళ్ల వెనక నిలువుగా, నీటిమట్టం కన్నా పైకి లేపి ఆపాలి. కొసను పడుకోబెట్టి దాని మీద మట్టి కప్పితే, ఆ తడి మట్టీ గడ్డివేర్లూ దీపంలో వత్తి నూనె పీల్చినట్టు కుంట నీళ్లను బయటికి పీలుస్తూ ఉంటాయి. లైనర్‌లో చిల్లు లేకుండానే నీళ్లు తగ్గే కుంటల్లో ముందు చూడాల్సింది ఈ అంచునే.

అంచు రాళ్లను సిమెంటుతో అతకలేదు. పచ్చి సిమెంటు నుంచి దిగే సున్నం పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 అంటే తటస్థం) 10 దాటించగలదు. తప్పక వాడాల్సివస్తే బాగా ఆరనిచ్చి, నీళ్లు నింపి, కొన్నాళ్లు నాననిచ్చి పారబోయడం, పీహెచ్ 8.5 దిగేదాకా అదే పని మళ్లీ మళ్లీ చేయడం. మేం పెద్ద బండరాళ్లను వాటి బరువు మీదే ఆనించి కూర్చోబెట్టాం.

నింపడం

గొట్టానికి నీటి మీటరు తగిలించి నింపాం. మీటరు లేకపోతే 20 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, మొత్తం సమయంతో లెక్కగట్టవచ్చు. పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే 5,400 లీటర్లు అనిపిస్తుంది. మెట్లు, వాలు పోగా మీటరు చూపించింది 3,000. ఇక మీద ప్రతి మందూ, ప్రతి ఉప్పూ ఈ అంకె మీదే వేస్తాం కాబట్టి అంచనాతో సరిపెట్టుకోకూడదు. 5,400 అనుకుని వేసిన డోసు ఇక్కడ దాదాపు రెట్టింపు అయ్యేది.

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే గాలి కొడుతూ ఒకటి రెండు రోజులు వదిలితే పోతుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) అయితే అలా పోదు. అప్పుడు సోడియం థయోసల్ఫేట్ వాడాలి. 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు, అంటే లీటరు నీళ్లలో 1 మిల్లీగ్రాము) క్లోరిన్‌కు లీటరుకు 7 మిల్లీగ్రాముల లెక్కన, 3,000 లీటర్లకు 21 గ్రాములు. క్లోరమైన్‌ను విరిచాక అందులోని అమ్మోనియా నీళ్లలోనే మిగులుతుందని గుర్తుంచుకోవాలి.

పంపు, ఫిల్టర్

చేపల కుంటలో నీరంతా గంటన్నర, రెండు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరగాలి. మనకు గంటకు 2,000 లీటర్లు చాలు. అయితే పంపు డబ్బా మీద రాసిన అంకె ఎత్తు లేకుండా తోసినప్పటిది. ఫిల్టర్ 1.2 మీటర్ల ఎత్తులో ఉంటే చాలా చిన్న పంపులు సగానికి పడిపోతాయి. పంపుతో వచ్చే గ్రాఫులో 1.2 మీటర్ల దగ్గర ఎంత వస్తుందో చూసి ఎంచుకోవాలి.

ఫిల్టర్ 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము. నీళ్లు 25 మి.మీ. పైపుతో అడుగు నుంచి వచ్చి, గట్టి బ్రష్‌లు, రెండు పొరల స్పాంజి, వదులుగా తిరిగే ప్లాస్టిక్ మీడియా (బ్యాక్టీరియా పట్టుకుని పెరిగే చిన్న ముక్కలు) దాటి పైనుంచి కుంటలోకి పడతాయి. తిరిగి వచ్చే పైపు 50 మి.మీ. ఉండాలి. లోపలికి పంపు తోస్తుంది, బయటికి నీళ్లు తమంతట తామే పారాలి. రెండూ ఒకే సైజు పెడితే స్పాంజి కాస్త మూసుకోగానే డ్రమ్ము పొర్లి కుంటంతా పెరట్లోకి పోతుంది.

ఆ ప్రమాదం ఎప్పుడూ ఉండేదే కాబట్టి పంపును అడుగున పెట్టలేదు. 30 సెం.మీ. ఎత్తు ఇటుకల దిమ్మ మీద పెట్టాం, దిమ్మ కింద జియోటెక్స్‌టైల్ ముక్క. పైపు ఊడినా, డ్రమ్ము పొర్లినా చేపలకు ఆ 30 సెం.మీ. నీళ్లు మిగులుతాయి. కరెంటు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కోసేసే స్విచ్) పెట్టాం. వైరు ప్లగ్గులోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, వైరు వెంట జారే నీటిచుక్క అక్కడ రాలిపోతుంది. నీళ్లలో చెయ్యి పెట్టేముందు స్విచ్ కాదు, ప్లగ్గు తీయాలి.

చేపల్లేని వారాలు

నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇప్పుడే చేపలు వదిలితే ఎక్కువ కుంటలు ఇక్కడే చెడతాయి. చేప విసర్జించే అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో ఇంకా పుట్టలేదు. గోరువెచ్చని నీళ్లలో అది ఎదగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, చల్లని నీళ్లలో ఇంకా ఎక్కువ.

ఆ బ్యాక్టీరియాకు తిండి కావాలి. చేపల బదులు అమ్మోనియం క్లోరైడ్ వేశాం. నైట్రోజన్ లెక్కన 2 పీపీఎం రావాలంటే 3,000 లీటర్లకు 23 గ్రాములు. నీళ్లు పరీక్షించే కిట్ ఏ లెక్కలో చూపిస్తుందో చదువుకోవాలి. నైట్రోజన్‌గా 1 పీపీఎం అంటే అమ్మోనియాగా 1.2. ఈ తేడా తెలియక డోసు సరిదిద్దుతూ పోయేవాళ్లు ఎక్కువ.

వరస ఇలా నడిచింది. మొదట అమ్మోనియా కదలదు. తర్వాత నెమ్మదిగా దిగుతుంది, నైట్రైట్ లేస్తుంది. నైట్రైట్ చాలాకాలం పైనే ఉండిపోతుంది, ఓపిక పట్టాల్సిన దశ అదే. ఆపైన ఒక్కసారిగా పడిపోతుంది. 2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటలకు అమ్మోనియా సున్నా, నైట్రైట్ కూడా సున్నా వస్తేనే ఫిల్టర్ సిద్ధమైనట్టు. క్యాలెండర్ చూసి చేపలు వదలకూడదు, కిట్ చూసి వదలాలి. రోగం లేని మరో కుంట ఫిల్టర్ నుంచి వాడిన స్పాంజి ముక్క తెచ్చి డ్రమ్ములో వేస్తే ఈ వారాలు బాగా తగ్గుతాయి. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా మీద అంత నమ్మకం పెట్టుకోలేదు.

స్పాంజిని ఎప్పుడు కడిగినా కుంట నీళ్లలోనే పిండాలి. క్లోరిన్ ఉన్న కుళాయి కింద పెడితే ఇన్ని వారాల పనీ నిమిషంలో పోతుంది. తెల్లగా వచ్చేదాకా కడగక్కర్లేదు, నీళ్లు దారి పట్టేంత చాలు.

మొక్కలు

క్లోరిన్ పోగానే మొక్కలు దింపొచ్చు, చేపల కోసం ఆగక్కర్లేదు. అమ్మోనియాను అవీ నేరుగా తింటాయి.

కలువకు 30 సెం.మీ. వెడల్పు బుట్టలో గోనెగుడ్డ పరిచి, బంకమట్టి కలిసిన తోటమట్టి నింపాం. కంపోస్టు, పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు వద్దు. కొంత తేలుతుంది, మిగతాది పోషకాలను నీళ్లలోకి వదిలి పాచిని పెంచుతుంది. మట్టి మీద 3 సెం.మీ. సన్నకంకర వేస్తే చేపలు కెలకలేవు. దుంప మొలక కొస కంకర పైకి కనిపించాలి, పూడిస్తే కుళ్లుతుంది. లేత మొక్కను మొదటే 60 సెం.మీ. లోతుకు దించకూడదు. ఇటుకల మీద 20 సెం.మీ. లోతున పెట్టి, ఆకులు పైకి తేలేకొద్దీ ఒక్కో ఇటుక తీస్తూ పోవాలి.

మెట్టు మీద తుంగజాతి మొక్కలు, నీళ్లలోపల వల్లిస్నేరియా, హార్న్‌వర్ట్. ఉపరితలంలో సగం నుంచి 60 శాతం దాకా ఆకులు కప్పితే చాలు. మొత్తం కప్పేస్తే గాలికీ నీటికీ మధ్య మూత పెట్టినట్టే. గుర్రపుడెక్క, అంతరతామర జోలికి పోలేదు. నీళ్లను బాగా శుభ్రం చేస్తాయన్నది నిజమే, కానీ వానకు పొర్లి కాలువలో పడ్డ ఒక్క పిలక చెరువులనే పట్టేస్తుంది. పీకిన మొక్కనైనా ఎండబెట్టి కుప్పలో వేయాలి తప్ప పారే నీళ్లలో వేయకూడదు.

కొత్త మొక్కల ఆకుల అడుగున జిగురు ముద్దల్లా అంటుకున్నవి నత్తగుడ్లు. బొటనవేలితో తోమేస్తే పోతాయి. నత్తలు కావాలనుకునేవాళ్లు వదిలేయొచ్చు.

చేపలు దిగాక

దింపేముందు సగం నీళ్లు మార్చాం, పోగైన నైట్రేట్ తగ్గడానికి. చేపలను వేరే తొట్టిలో 3 వారాలు ఉంచి, రోగం లేదని చూశాకే కుంటలోకి. సంచీని 20 నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, కొంచెం కొంచెంగా కుంట నీళ్లు కలిపి, చేపలను వలతో ఎత్తి వదలాలి. సంచీలో నీళ్లు కుంటలో పోయకూడదు.

మొత్తం 12 గోల్డ్‌ఫిష్ పిల్లలు, అదీ మూడు విడతలుగా. అందరూ అడిగే కోయి వేయలేదు. అవి అర మీటరు దాటి పెరిగే చేపలు. ఈ నీళ్లు, ఈ లోతు వాటికి చాలవు, పైగా కలువ బుట్టలను తిరగేస్తాయి.

ఇక అసలు లెక్క. 32 శాతం ప్రొటీన్ ఉన్న మేత 100 గ్రాములు చేపలు తింటే, దాదాపు 3 గ్రాముల నైట్రోజన్ అమ్మోనియాగా నీళ్లలోకి వస్తుంది. 3,000 లీటర్లలో అది సరిగ్గా 1 పీపీఎం. ఆ 3 గ్రాములను నైట్రేట్‌గా మార్చడానికి బ్యాక్టీరియా 21 గ్రాముల క్షారతను (పీహెచ్ కూలకుండా పట్టి ఉంచే గుణం, కాల్షియం కార్బొనేట్ లెక్కన) తినేస్తుంది, అంటే 7 పీపీఎం. ఈ రెండు అంకెలతో కుంటలో జరిగేది చాలావరకు ముందే తెలుస్తుంది.

ఇప్పుడు 12 చేపల బరువు మొత్తం 250 గ్రాములు. బరువులో 2 శాతం చొప్పున రోజుకు 5 గ్రాముల మేత. 100 గ్రాములు కావడానికి 20 రోజులు. అవే చేపలు ఒక్కొక్కటి 150 గ్రాములైతే మొత్తం 1.8 కిలోలు. శాతాన్ని ఒకటిన్నరకు తగ్గించినా రోజుకు 27 గ్రాములు, 100 గ్రాములకు నాలుగు రోజులు చాలు. చేపల సంఖ్య మారలేదు, నీళ్లు మారలేదు, కానీ ఫిల్టర్ మీద బరువు ఐదింతలైంది. కుంట ఖాళీగా కనిపిస్తోందని ఇంకో పది చేపలు వేసేముందు వేసుకోవాల్సిన లెక్క ఇది.

క్షారత వైపు నుంచి చూస్తే, నింపిన నీళ్లలో అది 80 పీపీఎం ఉంటే, కిలో మేత అందులో 70ని మింగేస్తుంది. నీళ్లు మార్చకుండా పోతే మిగిలేది 10. ఆ దశలో పీహెచ్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు, ఒక్క రాత్రిలో కూలుతుంది. నెలల తరబడి బాగున్న కుంటలో ఉన్నట్టుండి చేపలు చచ్చిపోవడానికి తరచు కారణం ఇదే. వానాకాలంలో ఇంకా త్వరగా వస్తుంది, వాననీళ్లలో క్షారత దాదాపు ఉండదు కాబట్టి. క్షారతను 40 పీపీఎం పెంచాలంటే 3,000 లీటర్లకు 200 గ్రాముల వంటసోడా. బకెట్‌లో కరిగించి, రెండు రోజులకు సగం సగం పోయాలి. వాషింగ్ సోడా వేరు, అది పీహెచ్‌ను ఎక్కడికో తీసుకుపోతుంది.

అమ్మోనియా అంకెను పీహెచ్‌తో కలిపి చదవాలి. కిట్ చూపించేది మొత్తం, అందులో విషం కొంత భాగమే. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 ఉంటే అర శాతం పైచిలుకు, 8 దగ్గర 5 శాతం, 9 దగ్గర 36 శాతం. మొత్తం 1 పీపీఎం ఉన్నప్పుడు పీహెచ్ 7లో చేప మామూలుగా తిరుగుతుంది, 9లో చచ్చిపోతుంది. పచ్చనీరున్న కుంటలో సాయంత్రానికి పీహెచ్ 9 దాటడం మామూలే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి తేడా 1 మించితే క్షారత తక్కువగానో, పాచి ఎక్కువగానో ఉన్నట్టు.

నైట్రైట్ కనిపిస్తే మేత ఆపి, పావు వంతు నీళ్లు మార్చి, రాతి ఉప్పు వేయాలి. క్లోరైడ్ ఉంటే చేప మొప్పలు నైట్రైట్‌ను లోపలికి తీసుకోవు. నైట్రైట్ నైట్రోజన్ లెక్కన 1 పీపీఎం ఉంటే 3,000 లీటర్లకు 100 గ్రాముల ఉప్పు చాలు. ఈ మోతాదుకు మొక్కలు దెబ్బతినవు. నైట్రైట్ పట్టిన చేప మొప్పలు ఎర్రగా కాకుండా గోధుమరంగుకు తిరుగుతాయి, ఆక్సిజన్ నిండా ఉన్నా ఆయాసపడుతుంది.

మేత రెండు మూడు నిమిషాల్లో అయిపోయేంతే. నీళ్లు 10 డిగ్రీల కిందికి దిగితే మేత వద్దు, అరగదు.

ఎండాకాలం

20 డిగ్రీల నీళ్లు పట్టగలిగే ఆక్సిజన్ 9 పీపీఎం, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. అదే సమయంలో వేడికి చేప ఎక్కువ పీలుస్తుంది. పగలు మొక్కలు, పాచి ఆక్సిజన్ వదులుతాయి, రాత్రంతా అవే తింటాయి. కాబట్టి కుంటకు గండం తెల్లవారుజామున. సూర్యోదయానికి చేపలన్నీ ఉపరితలానికి చేరి మూతులు పైకెత్తి గాలి మింగుతూ, ఎండెక్కాక మామూలైపోతుంటే రోగం కాదు, రాత్రి ఆక్సిజన్ చాలడం లేదు. చాలామంది ఫౌంటెన్‌ను పగలు అందం కోసం తిప్పి రాత్రి ఆపేస్తారు. ఒక్కపూటే తిప్పాలంటే రాత్రే తిప్పాలి. వరసగా మబ్బు పట్టిన రోజులు ఇంకా ప్రమాదం, పగటి సంపాదన కూడా ఉండదు. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ గాలిపంపు ఒకటి దగ్గర ఉంచాం.

ఆవిరి రోజుకు 6 మి.మీ. అనుకుంటే 6 చదరపు మీటర్లకు 36 లీటర్లు. కేవలం అది నింపుతూ పోతే నీళ్లు పోతాయి, లవణాలు ఉండిపోతాయి. అందుకే వారానికి 10 శాతం తీసి, కొత్తవి పోయడం. తీసిన నీళ్లు పూలమొక్కలకు మంచి ఎరువు.

పచ్చనీరు, దారపు పాచి

కొత్త కుంట మొదటి ఎండలకు పచ్చబడటం రోగం కాదు, మొక్కలు ఎదిగి పోషకాలను లాక్కునేదాకా అంతే. మొత్తం నీళ్లు మార్చేస్తే కొత్త పోషకాలు పోసినట్టే, మళ్లీ పచ్చబడుతుంది. యూవీ లైటు నీళ్లలో తేలే పాచిని మాత్రమే తీస్తుంది. రాళ్లకు పట్టే దారపు పాచి దాని గుండా వెళ్లదు కాబట్టి దానికేమీ కాదు. గరుకు కర్రను తిప్పుతూ చుట్టి లాగడమే దానికి మందు. లాగిన ముద్దను గంటసేపు వాలు మీద వదిలితే అందులో చిక్కిన పురుగులు, నత్తలు తిరిగి నీళ్లలోకి పాకుతాయి.

పాచి మందు పోసి ఒకేసారి చంపితే, ఆ చచ్చిన పాచి కుళ్లుతూ ఆ రాత్రే ఆక్సిజన్ మొత్తం తినేస్తుంది. రాగి ఉన్న మందులైతే నత్తలు ముందే పోతాయి, క్షారత తక్కువున్న నీళ్లలో చేపలు కూడా.

పక్క గుంట

ఇందులో ఫిల్టర్ లేదు, పంపు లేదు. ఒక పక్క తుంగ, అడుగున పిడికెడు ఎండాకులు, నాలుగు రాళ్లు. కప్పలను ఎక్కడి నుంచో తెచ్చి వదలలేదు. ఉభయచరాలను ఖండాల వారీగా తుడిచిపెట్టిన కైట్రిడ్ ఫంగస్, శాస్త్రవేత్తలు 1990ల చివర్లో గుర్తించినది, తడి బూట్లు, వలలు, తెచ్చిన నీళ్లతోనూ పాకుతుంది. వేరే చెరువులో వాడిన వలను కడిగి పూర్తిగా ఎండబెట్టాకే ఇక్కడ ముంచాలి. దగ్గర్లో కప్పలుంటే తడి వాసనకు అవే వస్తాయి. గుంట ఎండాకాలంలో ఎండిపోయినా నష్టం లేదు, తోకకప్పలను తినే పురుగులు కూడా దాంతోపాటే తగ్గుతాయి.

దోమలు: వెచ్చని నీళ్లలో గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులే. పెద్ద కుంటలో చేపలు చూసుకుంటాయి. గుంటలో తూనీగ పిల్లలు, నీటి పురుగులు కుదురుకునేదాకా కొంత కాలం పడుతుంది. అంతవరకు బీటీఐ (దోమ పిల్లలను చంపే ఒక బ్యాక్టీరియా) గుళికలు వేశాం, చేపలకూ తోకకప్పలకూ ఏమీ కాదు. దోమ పిల్లలతోపాటు కుట్టని చిన్న ఈగల పురుగులు కూడా కొన్ని చస్తాయి, అవి మిగతావాటికి తిండి. కాబట్టి పురుగులు కుదరగానే ఆపేశాం. దోమల కోసం గంబూజియా చేపను వదలమనే సలహా ఇంకా తిరుగుతోంది. ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా చేర్చిన ఆ చేప కప్పగుడ్లనూ అంతే ఇష్టంగా తింటుంది.

పిల్లలు తిరిగే పెరడైతే కంచె, లేదా నీటిమట్టానికి పైన గట్టి ఇనుప జాలీ. 25 సెం.మీ. లోతు గుంటకు కూడా ఇది వర్తిస్తుంది.

నీళ్లు తగ్గుతున్నాయి: ఆవిరా, లీకా?

బకెట్‌ను కుంట నీళ్లతోనే నింపి మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం ఒకే గీతకు తేవాలి. 24 గంటలకు రెండూ ఒకేలా దిగితే ఆవిరి. కుంట ఎక్కువ దిగితే లీకు. అప్పుడు పంపు ఆపి ఇంకో రోజు చూడాలి. పంపు ఆపగానే తగ్గడం ఆగితే తప్పు పైపులోనో డ్రమ్ములోనో ఉంది, లైనర్‌లో కాదు. పంపు ఆపినా తగ్గుతుంటే నీళ్లను దాని మానాన దిగనివ్వాలి, చేపలకు సరిపడా లోతు ఉన్నంతవరకు. ఎక్కడ ఆగిందో ఆ గీత వెంట చుట్టూ వేళ్లతో తడిమితే చిల్లు దొరుకుతుంది. అనుమానం ఉన్నచోట ఒక చుక్క పాలు వదిలి చూడండి. చిల్లుంటే ఆ తెల్లటి గీత సన్నగా సాగి లోపలికి పోతుంది. ఈపీడీఎంకు దాని ప్రైమరు, దాని అతుకు పట్టీయే వాడాలి. అతికే చోటు పొడిగా, పాచి లేకుండా ఉండాలి.

బురద

అడుగున 2, 3 సెం.మీ. మెత్తని బురద ఉండాల్సిందే, అందులో బతికేవి చాలా ఉన్నాయి. అంతకు మించితే మూలకు చేరినదాన్ని సైఫన్ పైపుతో తీస్తాం, ఒకసారికి సగం మాత్రమే. నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటే అందులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది. చేపలు ఉండగా దాన్ని కెలకకూడదు, ముందు చేపలను గాలిపంపు పెట్టిన తొట్టిలోకి మార్చాలి. తీసిన బురదను కూడా అంచున కాసేపు ఉంచి, కదిలేవాటిని తిరిగి నీళ్లలోకి వదిలాకే కుండీలకు.

తర్వాతి పనుల జాబితాలో ఉన్నవి: కలువ బుట్ట నిండి ఆకులు నీళ్లపైకి నిలువుగా లేస్తున్నాయి కాబట్టి దుంపను కోసి విడదీయాలి. డ్రమ్ము అడుగున డ్రెయిన్ వాల్వు 25 నుంచి 40 మి.మీ.కి మార్చాలి, పాతది ఆకు తొడిమలకు మూసుకుపోతోంది. కొంగలకు అడ్డంగా వల కట్టాలి, అది నీళ్లకు 50 సెం.మీ. పైన బిగుతుగా ఉండాలి. వదులుగా వేలాడితే కొంగ బరువుకు అది నీళ్లను తాకుతుంది, అదే వలలో పాములు, పక్షులు చిక్కుకుంటాయి.